కడుపులో గాలి చెప్పే కబురు

వానలు పట్టాయంటే సిర్గాపూర్ దిక్కున నల్లవాగు నీళ్లు చిక్కబడతాయి. జానెడు లోతున ఏముందో కంటికి ఆనదు. ఆ నీళ్లు మంజీరలో, మంజీర గోదారిలో కలుస్తాయి. ఇలాంటి మురికినీళ్లు వాలుగ చేపకు ఇబ్బందే కాదు, పొడవాటి మీసాలతో తడుముకుంటూ తిరుగుతుంది. చూపు చాలనిది మనకే. జీవజాతుల స్థితిని అంచనావేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్రజాబితాలో వాలుగ ఇప్పుడు ముప్పులో పడ్డ జాతి. ఎన్ని మిగిలాయో తెలియాలంటే వలేసి పట్టాలి. అరుదైన చేపను పట్టి లెక్కించబోతే, ఆ లెక్కలోంచే ఒకటి తగ్గిపోవచ్చు.

అందుకే సోనార్. పడవ అడుగు నుంచి మన చెవికందని ధ్వనిని నీళ్లలోకి వదులుతారు. నీళ్లలో అది సెకనుకు దాదాపు 1500 మీటర్లు పరుగెడుతుంది. దేనికో తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఎంత దూరాన ఏముందో తెరమీద తేలుతుంది. వింతంతా ఇక్కడే ఉంది. చేప కండ ధ్వనికి ఇంచుమించు నీళ్లలాంటిదే, అందులోంచి చాలామటుకు సాగిపోతుంది. గట్టిగా తిప్పికొట్టేది కడుపులోని గాలితిత్తి. ప్రతిధ్వనిలో 90 శాతం దాకా దానిదే! నీళ్లలో తేలడానికి చేప దాచుకున్న కాస్త గాలే దాని జాడ బయటపెడుతుంది.

ఇలా సోనార్‌తో వెతికిన కథ ఒకటి చైనాలో ఉంది. అక్కడి యాంగ్జీ నదిలో తెడ్డులాంటి ముక్కున్న పెద్ద చేప ఉండేది. 2003 జనవరిలో మూడున్నర మీటర్ల ఆడచేప ఒకటి వలకు చిక్కింది. శాస్త్రవేత్తలు గాయాలకు వైద్యం చేసి, ధ్వని పలికే చిన్న పరికరం తగిలించి వదిలారు. వెంబడించిన పడవ రాళ్లకు తగిలింది, చేప జాడ తప్పిపోయింది. 2006 నుంచి 2008 దాకా సోనార్‌తో, వలలతో, గాలాలతో వెతికారు. తెరమీద అదేనేమో అనిపించే ఆనవాళ్లు కొన్ని తగిలాయి గానీ, చేప మాత్రం ఒక్కటీ పడలేదు. 2022లో ఐయూసీఎన్ ఆ జాతి అంతరించిందని ప్రకటించింది. సోనార్ వెళ్లేసరికే పొద్దుపోయింది.

అమెరికాలోని హడ్సన్ నది కథ కాస్త నయం. ఒంటిమీద ఎముక పలకలు తొడుక్కున్న అక్కడి స్టర్జన్ చేపకు 2012లో చట్టరక్షణ దొరికింది. 2018లో సోనార్ తెరమీద సుమారు 14 అడుగుల స్టర్జన్ నీడ కదిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, వల వేయలేదు.

అయితే సోనార్‌కు పేర్లు తెలియవు. రవ్వ చేపయినా బొచ్చె చేపయినా మామూలు సోనార్ తెరమీద ఒక మెరుపే. మంజీరలో మొసళ్లూ ఉన్నాయి, ఊపిరి బిగబట్టి మునిగిన మొసలి కూడా ఘనంగానే మోగుతుంది మరి. ఇప్పుడొచ్చిన ధ్వని కెమెరాలు తోక ఊపు దాకా చూపిస్తాయి. మన నదిమీద అలాంటిది తిరిగితే, తెర ముందు శాస్త్రవేత్త పక్కనే గంగపుత్రుల్లో ఓ పెద్దాయనను కూర్చోబెట్టాలంటాను. పొట్ట నుంచి తోక దాకా సాగిన కింది రెక్క కనబడితే చాలు, వాలుగని ఆయన చప్పున ఆనవాలు పడతాడు.