బాణానికీ ఓ వెన్ను!

గురి తప్పితే చేతిని తిట్టుకుంటాం. తప్పు చేతిది కాకపోవచ్చు... అమ్ములపొదిది కావచ్చు!

ద్రోణుడు శిష్యులకు పెట్టిన పరీక్ష అందరికీ తెలిసిందే. చెట్టు మీది పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడట్లేదన్నాడు అర్జునుడు. శభాష్ అన్నాడు గురువు. అంతేగానీ, 'నీ చేతిలో ఉన్న బాణం ఆ వింటికి సరిపడిందేనా నాయనా' అని అడిగిన ముచ్చట ఆ కథలో వినం. ఇప్పటి కోచ్‌లయితే ముందు అదే అడుగుతారు. ముఖ్యంగా శిష్యుడి చేతిలో ఉన్నది సంప్రదాయ రికర్వ్ విల్లయితే.

రికర్వ్ అంటే కొసలు లక్ష్యం వైపు వంపు తిరిగిన విల్లు. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్లింది రికర్వ్‌తోనే. కాకపోతే ఒలింపిక్ విల్లుకు సైటు, స్టెబిలైజర్లు, బాణాన్ని పక్క నుంచి ఆనుకునే స్ప్రింగు బటను... బోలెడు హంగులు. చిన్న తేడా వస్తే బటను తిప్పి సర్దుకోవచ్చు. సంప్రదాయ విల్లుకు ఆ వైభోగమేదీ లేదు. పిడికిలి పైన చిన్న అరుగు, దాని మీద బాణం. అందుకే సర్దుబాటు చాలావరకు బాణంలోనే జరగాలి.

పాములా మెలికలు

నారి వదలగానే బాణం తిన్నగా దూసుకుపోతుందనుకుంటాం కదా? వెళ్లదు. వెనక నుంచి నారి ఒక్కసారిగా తోసేసరికి అది విల్లులా వంగుతుంది. అటూ ఇటూ ఊగుతూ వింటి పక్క నుంచి ఒరుసుకోకుండా తప్పించుకుపోతుంది. 'ఆర్చర్స్ పారడాక్స్' అని దీనికో పేరుంది. 1930ల్లో క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరించి మరీ ఈ వంపుల్ని చూపించాడు.

మరీ బిర్రుగా ఉన్న బాణం చాలినంత వంగదు, వింటికి తగులుతుంది. మరీ మెత్తనిదైతే అవసరానికి మించి వంగుతుంది. ఈ బిర్రుతనాన్నే 'స్పైన్' అంటారు, అంటే వెన్ను. దాన్ని కొలిచే పద్ధతీ తమాషాగానే ఉంటుంది. కార్బన్ బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే 500 స్పైన్. 0.6 అంగుళం వంగితే 600. అంటే అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. చెక్క బాణాలకు మాత్రం లెక్క తిరగబడుతుంది. వాటి స్పైన్‌ను పౌండ్లలో చెబుతారు, అక్కడ అంకె పెరిగితే బిర్రు. కొత్తగా కొనేవాళ్లు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. అంకె పెద్దదైతే సరుకు గట్టిదనుకునే అలవాటు మనది!

ఇంతకీ ఏ అంకె కొనాలి? వింటి మీద రాసింది చూసి కొనేయకూడదు. 40 పౌండ్లు అని రాసి ఉంటే సాధారణంగా అది 28 అంగుళాలు లాగినప్పటి మాట. మీరు 26 అంగుళాలే లాగుతారనుకోండి, అంగుళానికి సుమారు రెండు పౌండ్ల చొప్పున తగ్గి 36 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ముందు మీ లాగుడు కొలిపించుకోవాలి. ఆ తర్వాతే కంపెనీల పట్టిక చూడాలి. డజను ఒకేసారి కొనడం కన్నా రెండు మూడు రకాలు ఒక్కోటి తెచ్చి ప్రయత్నించడం మేలు. ధర తక్కువేం కాదు మరి.

ఈకలు పీకి చూడండి

బాణం సరిపడిందో లేదో తేల్చే పరీక్షకు కావాల్సినవి ఈకలున్న బాణాలు మూడు, ఈకల్లేనివి రెండు. ఈకలు బాణం తప్పుల్ని కప్పిపుచ్చుతాయి, అవి లేకపోతే గుట్టు బయటపడుతుంది. ఈకలు తీసిన చోట అంతే బరువు వచ్చేలా టేపు చుట్టాలి. పది మీటర్ల నుంచి మొదలుపెట్టి ఇరవైకి వెళ్లాలి.

కుడిచేతి వాటం వారికైతే, ఈకల్లేనివి గుంపుకు ఎడమగా దిగితే బాణం బిర్రెక్కువ. కుడిగా దిగితే మెత్తన. ఎడమచేతి వాటానికి ఇది తారుమారు. బిర్రుగా ఉంటే ముందున్న ములికి బరువు పెంచాలి... 100 గ్రెయిన్ల బదులు 125 అన్నమాట. మెత్తగా ఉంటే ములికి తేలిక చేయడమో, బాణాన్ని పొట్టి చేయడమో. కోసేటప్పుడు మాత్రం ఒక్కసారికి పావు అంగుళం దాటొద్దు. కోసింది మళ్లీ అతకదు! లాగిన కొలత కన్నా పొట్టి చేస్తే అసలుకే ప్రమాదం.

పక్కలకు కాకుండా పైకో కిందకో పోతుంటే తప్పు బాణంది కాదు, నారి మీద బాణం తగిలించే చోటుది. ఈకల్లేనివి కిందకు దిగితే ఆ చోటును కాస్త దించాలి, పైకి వెళ్తే పెంచాలి.

ఒక్క షరతు. అయిదు బాణాలూ ఒకచోట దిగేంత నిలకడ చేతికి వచ్చాకే ఈ పరీక్షకు అర్థం. అంతకుముందు చేస్తే బాణం లోపమేదో, చేతి లోపమేదో తేలదు. ఇంకా పెద్ద నష్టం ఎక్కడంటే, నప్పని బాణాలతో నెలల తరబడి సాధన చేసిన పిల్లలు తెలియకుండానే దానికి తగ్గట్టు మణికట్టు తిప్పడం నేర్చేసుకుంటారు. బాణాలు మార్చడం తేలికే. ఆ అలవాటు మాన్పించడమే కష్టం.

ఈకల విషయంలో బేరాల్లేవు. అరుగు మీద నుంచి కొట్టే వింటికి పక్షి ఈకలే వాడాలి, అవి తగిలినా ఒదిగిపోతాయి. ప్లాస్టిక్‌వి ఒదగవు, బాణాన్ని పక్కకు తన్నేస్తాయి. ఒక బాణానికి అతికించే మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి అయి ఉండాలి.

తేలిక బాణం వేగంగా వెళ్తుందని ఆశపడేవాళ్లున్నారు. వింటి శక్తిని బాణం తీసుకుపోవాలి, అది మరీ తేలికైతే మిగిలిన దెబ్బ వింటి రెక్కలే తింటాయి. పౌండుకు కనీసం ఎనిమిది గ్రెయిన్లు అనేది చాలామంది పాటించే లెక్క. 40 పౌండ్ల వింటికి 320 గ్రెయిన్లు, అంటే దాదాపు 21 గ్రాములు.

కార్బన్ బాణాన్ని ఎక్కుపెట్టేముందు ప్రతిసారీ రెండు కొసలూ పట్టుకుని మెల్లగా వంచి, తిప్పుతూ చూడాలి. చిటపటమన్నా, చీలిక కనిపించినా వాడొద్దు. అలాంటిది నారి దెబ్బకు విరిగితే ముక్కలు విల్లు పట్టిన చేతిలోకే దిగుతాయి. చీలినదాన్ని మూలన పెట్టడం కూడా తప్పే. అక్కడికక్కడే విరిచేసి చెత్తబుట్టలో వేయాలి, రేపు ఏ పిల్లాడో ఏరుకుని ఎక్కుపెట్టకుండా.