డిస్క్ మాయమైతే ఫార్మాట్ చేయకండి, ముందు కారణం చూడండి



గుడి ఆఫీసు కంప్యూటరును లినక్స్‌కు మార్చినప్పటి నుంచి మా సాంకేతిక సేవా బృందాన్ని ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "యూఎస్‌బీ హార్డ్ డిస్క్ పెడితే ఒకసారి కనబడుతుంది, కాసేపటికి మాయమవుతుంది. పాడైపోయినట్టేనా?" ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నవారు, పిల్లలకు రాస్ప్‌బెర్రీ పై కొనిచ్చినవారు కూడా ఇదే అడుగుతున్నారు. ఆ డిస్కుల్లో పిల్లల అన్నప్రాశన వీడియోలు, ఊళ్లో జరిగిన పెళ్లిళ్లు, ఇప్పుడు మన మధ్య లేని తాతయ్యల, అమ్మమ్మల గొంతులు ఉన్నాయి. చాలా ఇళ్లలో అదొక్కటే కాపీ.

అందుకే మొదటి మాట: "ఫార్మాట్ చేయమంటారా?" అని కంప్యూటరు అడిగితే వద్దనే చెప్పండి. డిస్క్ కనబడనంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు.

మధ్యలో ఒక దుబాసీ

బయటి డిస్క్ డబ్బా లోపల చాలావరకు మామూలు కంప్యూటరు డిస్కే ఉంటుంది. దానికి యూఎస్‌బీ భాష రాదు. డబ్బాలోని ఒక చిన్న బ్రిడ్జ్ చిప్ రెండువైపులా దుబాసీ పని చేస్తుంది. ఇటువైపు లినక్స్ కెర్నెల్‌లో ఆ చిప్‌తో మాట్లాడే డ్రైవర్ ఉంటుంది.

ఈ డ్రైవర్లు రెండు. పాతది యూఎస్‌బీ-స్టోరేజ్. 1999 నాటి పద్ధతి: ఒక పని చెప్పి, అది పూర్తయ్యాకే రెండోది చెబుతుంది. కొత్తది యూఏఎస్. ఇది చాలా పనులు ఒకేసారి అప్పజెబుతుంది, అందుకే వేగం ఎక్కువ. 2014లో వచ్చిన 3.15 కెర్నెల్‌తో లినక్స్‌లో ఇది సరిగా వాడుకలోకి వచ్చింది.

మన అన్నదానం వంటగదితో పోల్చి చూడండి. ఒక్కో విస్తరికీ ఒక్కోసారి అడిగితే ఆలస్యమైనా తికమక ఉండదు. పది విస్తళ్లకు కావలసినవి ఒకేసారి చెబితే పని త్వరగా అవుతుంది, కానీ అవన్నీ గుర్తుపెట్టుకునే వంటవాడు కావాలి. కొన్ని బ్రిడ్జ్ చిప్‌లు కొత్త పద్ధతి తమకు వచ్చునని చెప్పుకుంటాయి, తీరా పని మీద పడగానే తడబడతాయి.

కెర్నెల్ రాసుకునే డైరీ

ఏం జరిగిందో కెర్నెల్ ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. దాన్ని చూపే ఆదేశం పేరులో ఐదు ఇంగ్లీషు అక్షరాలు: డి, ఎం, ఇ, ఎస్, జి. డిస్క్ తీసి, మళ్లీ పెట్టి, టెర్మినల్‌లో సుడో అధికారంతో ఇది నడిపి చివరి ఇరవై లైన్లు చూడండి.

• కొత్త లైను ఒక్కటీ రాలేదా? కేబుల్, పోర్టు, కరెంటు చూడాలి. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. తిరిగే హార్డ్ డిస్కుకు ఇది చాలకపోవచ్చు. పొట్టి కేబుల్‌తోనో, సొంత కరెంటు ఉన్న హబ్‌తోనో ప్రయత్నించండి.

• డిస్క్ పేరు వచ్చింది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదా? ఆ డిస్కును విండోస్‌లో వాడుతుంటే, విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా సగం నిద్రలో వదిలేసి ఉండవచ్చు. మళ్లీ అక్కడే పెట్టి, ఫాస్ట్ స్టార్టప్ ఆపి, సరిగ్గా షట్‌డౌన్ చేయండి.

• "క్రిటికల్ మీడియం ఎర్రర్" అని ఉందా? డిస్కే జబ్బు పడింది. రిపేరు ప్రోగ్రాములేవీ నడపవద్దు. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో ముందు మొత్తాన్నీ వేరే డిస్కుకు ఎత్తుకోవాలి.

• యూఏఎస్, అబార్ట్, రీసెట్ అనే మాటలు పదేపదే వస్తున్నాయా? డ్రైవర్‌కూ చిప్‌కూ పొత్తు కుదరడం లేదన్న అనుమానం ఇక్కడే వస్తుంది.

మన ఉగాది వీడియోల సంగతి

గుడి ఉత్సవాల రికార్డింగులున్న డిస్కులో మేం చూసింది ఈ చివరిదే. ఫొటోలు చక్కగా కాపీ అయ్యేవి. పెద్ద వీడియో మొదలుపెడితే అర నిమిషం ఆగిపోయి, డిస్క్ మాయమయ్యేది. ఆ అర నిమిషానికి అర్థం ఉంది: డిస్కుకు ఇచ్చిన పనికి కెర్నెల్ మామూలుగా 30 సెకన్లు ఎదురుచూసి, జవాబు రాకపోతే రీసెట్ చేస్తుంది.

కేబుల్, పోర్టు మార్చినా తేడా రాలేదు. అప్పుడు ఎల్, ఎస్, యు, ఎస్, బి అక్షరాల ఆదేశం నడిపాం. అది ప్రతి పరికరానికీ నాలుగేసి అంకెలో అక్షరాలో ఉన్న రెండు గుర్తింపు సంఖ్యలు చూపుతుంది, వాటి మధ్య కోలన్ ఉంటుంది. అదే ఆదేశానికి డ్యాష్ టి చేరిస్తే ఏ డ్రైవర్ పనిచేస్తోందో తెలుస్తుంది. మా డిస్కుకు ఎదురుగా యూఏఎస్ అని ఉంది.

ఆ గుర్తింపును కెర్నెల్ మొదలయ్యే లైనులో "యూఎస్‌బీ-స్టోరేజ్ డాట్ క్విర్క్స్" అనే అమరికకు ఇచ్చి, చివర కోలన్, "యు" అక్షరం చేర్చాం. "ఈ చిప్‌తో యూఏఎస్ వాడకు, పాత పద్ధతిలోనే మాట్లాడు" అని దాని అర్థం. ఉబుంటులో దీన్ని గ్రబ్ ఫైలులో రాసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేయాలి. రాస్ప్‌బెర్రీ పైలో సీఎండీలైన్ అనే ఫైలులో రాయాలి. అక్కడ అంతా ఒకే లైనులో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొట్టకూడదు. తర్వాత రీబూట్.

ఇది దొడ్డిదారి కాదు. ఇలా తడబడే చిప్‌ల జాబితా ఒకటి కెర్నెల్‌లోనే ఉంది. మనం దానికి మరో పేరు కలుపుతున్నామంతే. వద్దనుకుంటే ఆ మాట చెరిపేస్తే చాలు.

రీబూట్ తర్వాత వేగం కొంత తగ్గింది, కానీ కాపీ ఎక్కడా ఆగలేదు. డైరీలో ఒక్క రీసెట్ లైనూ లేదు. అసలు ఫైళ్లకూ కాపీలకూ చెక్‌సమ్‌లు పోల్చి, అన్నీ సరిపోయాకే పని అయిందనుకున్నాం. ఆ వీడియోలు ఇప్పుడు రెండు డిస్కుల్లో, రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

మీ ఇంట్లో ఇలా మొరాయించే డిస్క్ ఉంటే ఫార్మాట్ చేయకుండా, దాని సొంత కేబుల్‌తో సహా ఆదివారం గుడికి తీసుకురండి. కలిసి చూద్దాం. బాగానే పనిచేస్తున్న డిస్క్ అయితే ఈ వారమే ఇంకో కాపీ తీసి పెట్టుకోండి.

సేవలో,
సాంకేతిక సేవా బృందం