ఉక్కు ఊరిలో కొత్త అప్రెంటిస్‌లు

విశాఖలో గాజువాక నుంచి కూర్మన్నపాలెం మీదుగా దువ్వాడ దాకా ఉన్న కాలనీల్లో అప్రెంటిస్ చేసిన మనిషి ఒక్కరూ లేని చుట్టరికం అరుదు. ఒకరు హిందుస్థాన్ షిప్‌యార్డులో, ఇంకొకరు నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూల్లో, మరొకరు స్టీల్‌ప్లాంటులో స్టైపెండు మీద పని నేర్చుకున్నవారే. 1941లో పునాదిరాయి పడిన షిప్‌యార్డు, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం ఎన్ని ఉద్యోగాలిచ్చాయో చాలామంది రాశారు. ఎంతమందికి పని నేర్పాయో రాసినవారు తక్కువ. అక్కడ చెయ్యి తిరిగినవాళ్లలో కొందరు ఆటోనగర్ షెడ్లలో లేతు మిషన్లు పెట్టుకున్నారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించారు. ఆ పిల్లల్లో కొందరు అమెరికాలో ఈ సంచిక చదువుతున్న మీరే కావచ్చు.

అదే నేల మీద ఇప్పుడు మరో రకం చిన్న సంస్థలు బతుకుతున్నాయి. మెడికల్ షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని అయిదుగురో ఎనిమిదిమందో పనిచేసే డిజిటల్ ఆఫీసులు. వెబ్‌సైట్లు కడతారు, షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడతారు, ఆసుపత్రులకూ కల్యాణ మండపాలకూ ఆన్‌లైన్ ప్రచారం చేసిపెడతారు. ఫ్యాబ్రికేషన్ యూనిట్లకు ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో టెండర్ల పని చూసేవాళ్లూ ఉన్నారు. 1989లో ఎగుమతుల జోన్‌గా మొదలై 2003లో ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన వీసెజ్ దువ్వాడలోనే ఉంది. ఉక్కునగరంలో కేంద్ర ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ, స్టీల్‌ప్లాంటు సంస్థ ఆర్‌ఐఎన్‌ఎల్ కలిసి పెట్టిన ‘కల్పతరు’ కేంద్రం పరిశ్రమలకు పనికొచ్చే డిజిటల్ ఆలోచనలున్న అంకుర సంస్థలకు చోటిస్తోంది. చదువుకున్న పిల్లలకూ కొదవ లేదు. 2002లో వచ్చిన విజ్ఞాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ దువ్వాడలోనే ఉంది, ఆ పక్కనే ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఇంజినీరింగ్ కాలేజీ ఉంది.

అయినా ఈ చిన్న సంస్థలకూ ఆ పిల్లలకూ పొత్తు కుదరడం లేదు. హౌరా-చెన్నై మార్గంలో వెళ్లే రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి వెళితే ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. అందుకే చాలా రైళ్లు ఊళ్లోకి పోకుండా దువ్వాడలో ఆగి సాగిపోతాయి. డిగ్రీ పట్టా చేతికి రాగానే మన పిల్లలు ఆ ప్లాట్‌ఫారం మీదే హైదరాబాదుకో చెన్నైకో బండెక్కుతారు. వెళ్లడం తప్పని నేననను, మనమూ అలా వెళ్లినవాళ్లమే. కానీ వెళ్లేముందు ఆరు నెలలు ఇంటి దగ్గరి సంస్థలో పనిచేస్తే పిల్లలకు ఏం వస్తుందో అందరూ చెబుతారు. ఆ సంస్థకు ఏం వస్తుందో చెప్పేవారు కనబడరు. నేను చెప్పదలచుకున్నది అది.

మొదటిది, మనిషిని చూసి తీసుకునే వీలు. ఎనిమిదిమంది ఉన్న సంస్థలో ఒక్క మనిషి తప్పు ఎంపికైతే ఎనిమిదో వంతు సంస్థ కుంటుపడుతుంది. పెద్ద కంపెనీకి ఆ దెబ్బ తెలియనైనా తెలియదు. రెజ్యూమెలో పది టెక్నాలజీల పేర్లు ఉంటాయి, అరగంట ఇంటర్వ్యూలో ఆ పేర్ల వెనక ఏముందో తేలదు. క్లయింటు కోపంగా ఫోన్ చేసినప్పుడు ఈ కుర్రాడు ఎలా మాట్లాడతాడు, రాని పని రాదని ఒప్పుకుంటాడా, చెప్పిన వేళకు చెప్పిన ముక్క ఇస్తాడా అన్నవి మూడు నెలలు పక్కన కూర్చుంటే తప్ప తెలియవు. చూడడం రెండు వైపులా జరుగుతుంది. చిన్న చోట పనిచేయడం తనకు నచ్చుతుందో లేదో ఆ కుర్రాడికీ తెలుస్తుంది. అలా తెలిసి ఉండిపోయినవాళ్లు నిలుస్తారు.

రెండోది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. చిన్న సంస్థల్లో పని అంతా యజమాని తలలో ఉంటుంది. ఏ క్లయింటు హోస్టింగ్ ఎప్పుడు రెన్యూ చేయాలి, ఎవరి సర్వర్ పాస్‌వర్డ్ ఎక్కడుంది, జీఎస్‌టీ బిల్లు ఏ షాపుకు ఏ తీరున కావాలి, ఫలానా ఆసుపత్రి డాక్టరుగారికి ఏ రంగు నచ్చదు, ఇదంతా కాగితం మీద ఉండదు. ఆయన జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే వ్యాపారమూ పడుకుంటుంది. ఇంటర్న్ వచ్చి ‘ఇది ఇలాగే ఎందుకు సార్?’ అని అడగడం మొదలుపెడితే, ఒకటికి పదిసార్లు నోటితో చెప్పలేక ఎవరో ఒకరు రాయడం మొదలుపెడతారు. ఆ రాత కొన్నాళ్లకు సంస్థ పని పుస్తకమవుతుంది. తరవాత వచ్చే ఇంటర్న్‌కు సగం పాఠం అందులోనే దొరుకుతుంది. అది చేతిలో ఉన్న యజమాని కొత్త క్లయింటును ధైర్యంగా ఒప్పుకోగలడు. మొదట్లో రోజూ గంటా గంటన్నర సీనియర్ సమయం పోయే మాట నిజమే, ఆ ఖర్చును దాచనక్కర్లేదు. తిరిగొచ్చేది దానికన్నా ఎక్కువ.

మూడోది, ఎప్పుడూ ‘తరవాత చూద్దాం’ అని మిగిలిపోయే పనులు. పాత వెబ్‌సైట్లలో తప్పులు వెతకడం, ఫోన్ తెర మీద సరిగా కనబడుతోందో లేదో చూడడం, క్లయింటు సరుకుల ఫొటోలూ వివరాలూ సరిచేయడం, ఇంగ్లీషులో ఉన్న యాప్‌కు తెలుగు రూపం తేవడం. చిన్నవిగా కనిపించినా ఇవన్నీ క్లయింటును నిలబెట్టే పనులు, ఇప్పుడిప్పుడే చదువు ముగించినవాళ్లు చక్కగా చేయగలిగినవి కూడా. తెలుగు పని విషయంలో బయటినుంచి తెచ్చిన ఏజెన్సీ కంటే పెదగంట్యాడలో పుట్టి పెరిగిన పిల్ల రాసిన వాక్యమే కొనేవాడి మనసుకు తగులుతుంది.

ఇంకో సంగతి ఉంది, ఇది ఈ ఊరికే ప్రత్యేకం. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాయాలంటే కోడింగు ఒక్కటే చాలదు. యాంగిల్, చానల్, ప్లేటు తేడా తెలియాలి, తూకంతో కొనేదేది, ముక్కల లెక్కన అమ్మేదేది తెలియాలి, షిఫ్టు మారే వేళ తెలియాలి. స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలకు ఇవి భోజనాల దగ్గర విన్న మాటలు. బెంగళూరు వెళితే ఆ తెలివిని వాళ్లను ఎవరూ అడగరు. ఇక్కడి చిన్న సంస్థకు అదే పెట్టుబడి.

డబ్బు మాట. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఫిట్టర్లకూ వెల్డర్లకూ మాత్రమే అనుకునేవారు ఇంకా ఉన్నారు. 1973 సవరణతోనే ఇంజినీరింగ్ పట్టభద్రులు అందులోకి వచ్చారు. 2019 నిబంధనల ప్రకారం ముప్ఫైమందీ ఆపైన ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి, నలుగురి నుంచి ఇరవై తొమ్మిదిమంది దాకా ఉన్న సంస్థకు అది ఐచ్ఛికం. అంటే మెడికల్ షాపు పైనున్న అయిదుగురి సంస్థకు కూడా అర్హత ఉన్నట్టే. ఆ నిబంధనల్లోనే పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండు నిర్ణయించారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, అంటే నాట్స్ కింద నమోదైతే అందులో సగం, 4,500, కేంద్రం భరిస్తుంది. ఆ లెక్కన ఏడాదికి 1,08,000లో సంస్థకు పడేది 54,000. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ స్టైపెండ్లను 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. పెరగాలి కూడా, తొమ్మిది వేలతో గది అద్దె, మెస్సు బిల్లు కట్టుకునే రోజులు కావివి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం పెట్టింది, కాబట్టి మన చిన్న సంస్థలు చూడాల్సిన దారి నాట్స్.

చదువుతూ చేసే ఇంటర్న్‌షిప్ వేరు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మూడేళ్లలో పది నెలలు ఇందుకే కేటాయించారు. మొదటి ఏడాది తరవాత రెండు నెలలు సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరవాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు పూర్తిగా బయట పని. ఆలోచన మంచిదే. అంతమంది పిల్లలకు కూర్చోబెట్టి నేర్పే చోట్లు మాత్రం లేవు. ఆ ఖాళీలోకి బేరగాళ్లు దూరారు. పిల్లల దగ్గరే ఫీజు కట్టించుకుని, నాలుగు వీడియోలు చూపించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే వ్యాపారం నడుస్తోంది. ఇది పిల్లలను మోసగించడమే. జీతం లేని చాకిరీకి ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టేవాళ్లనూ నేను ఇదే వరసలో కడతాను. అలాంటి సంస్థకు పైన చెప్పిన లాభాల్లో ఒక్కటీ దక్కదు. నేర్పనివాడికి మనిషి విలువ తెలిసేదెలా? రాసుకోనివాడికి పని పుస్తకం ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి మందు మనలో చాలామంది చేతుల్లోంచి వెళ్లిన కాగితమే. అమెరికాలో ఎమ్మెస్ చేసి, చదువయ్యాక అక్కడే పనిచేయడానికి స్టెమ్ ఓపీటీ పొడిగింపు తీసుకున్నవాళ్లకు ఐ-983 ఫారం గుర్తుంటుంది. 2016 మే నుంచి ఆ 24 నెలల పొడిగింపు కావాలంటే యజమానీ విద్యార్థీ కలిసి ఆ శిక్షణ ప్రణాళిక రాసి సంతకాలు చేయాలి. ఏం నేర్పుతారు, ఎవరు పర్యవేక్షిస్తారు, నేర్చుకున్నది ఎలా కొలుస్తారు, అన్నీ అందులో ఉండాలి. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి మదింపు జరగాలి. అప్పుడు అది వీసా తలనొప్పిగా తోచి ఉండవచ్చు. కూర్మన్నపాలెంలోని ఎనిమిదిమంది సంస్థకు అలాంటి ఒక పేజీ, తెలుగులోనే, ఇంటర్న్ వచ్చిన మొదటి రోజున ఉంటే సగం గొడవలు పుట్టవు.

చిన్నగా మొదలైన సంస్థ ఇక్కడ పెద్దదవుతుందా అని అనుమానించేవారికి విశాఖలోనే జవాబుంది. 1998లో ఫీనిక్స్ పేరుతో ఇక్కడ మొదలైన ఫ్లూయెంట్‌గ్రిడ్ ఇప్పుడు విద్యుత్ పంపిణీ సంస్థలకు సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించింది. సంతోషించాల్సిన వార్తే. అయితే పెద్ద కేంద్రం మనుషుల్ని తీసుకుంటుంది, ఒక్కో మనిషి పక్కన కూర్చుని పని నేర్పే ఓపిక చుట్టూ ఉండే చిన్న సంస్థలదే అవుతుంది.

మన సంఘం సభ్యులు చేయగలిగింది చందా ఒక్కటే కాదు. నెలకు 4,500 చొప్పున ఒక అప్రెంటిస్‌కు సంస్థ వాటా ఏడాదిపాటు మనం భరిస్తే అయ్యే ఖర్చు, సెలవుల్లో ఇంటికి వచ్చే ఒక్క విమానం టికెట్టుకన్నా తక్కువ. దానికి షరతు ఒకటి పెట్టాలి: శిక్షణ ప్రణాళిక రాసిన సంస్థకే ఆ సాయం. అంతకన్నా విలువైనది వారానికో గంట. దువ్వాడలో రాత్రి ఏడున్నరకు న్యూజెర్సీలో చలికాలంలో ఉదయం తొమ్మిది, వేసవిలో పది. ఆ గంటలో ఇంటర్న్ రాసిన కోడ్ తెరిచి, ఇక్కడ ఎందుకు ఇలా రాశావని అడిగి, విని, సరిదిద్ది చూపించండి. ఆ కుర్రాడి పక్కన సంస్థ యజమాని కూడా కూర్చుని వింటాడు, కనుక ఆ పాఠం ఇద్దరికీ పనికొస్తుంది.