మన గెడ్డ నీళ్ళు – సముద్రపు తాబేలు

తాబేలంటే మనకి కొత్త కాదు. గెడ్డలో, చెరువు గట్టు మీద చూస్తూనే ఉంటాం. ముట్టుకుంటే తల, కాళ్ళు డిప్పలోకి లాగేసుకుంటుంది. సముద్రపు తాబేలు అలా లాక్కోలేదు. దానికి కాళ్ళ బదులు తెడ్లలాంటివి ఉంటాయి. నీళ్ళలో పడవలాగ పోతుంది గాని, ఇసుక మీదికొస్తే పాపం ఈడ్చుకుంటూ పోవల్సిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మన శ్రీకాకుళం తీరానికి వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లీ రకం. రెండడుగుల పొడవు, 40 కిలోలకి అటూ ఇటూ బరువు. జనవరి మొదలుకొని మార్చి, ఏప్రిల్ దాకా రాత్రిపూట ఆడ తాబేలు ఒడ్డుకెక్కుతుంది. అల అందని పొడి ఇసుక చూసుకొని, వెనక తెడ్లతో అడుగున్నర లోతు గొయ్యి తీసి, వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. చూడ్డానికి అచ్చం టేబుల్ టెన్నిస్ బంతులే. పైన ఇసుక కప్పేసి, ఒళ్ళంతా వేసి అదిమి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గుడ్ల మొహం చూడదు. కోడి కూర్చుని పొదుగుతుంది కదా, వీటికి ఇసుక వేడే కోడి! 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇంకో విచిత్రం వినండి. ఇసుక వేడి ఎక్కువుంటే ఆడవి, తక్కువుంటే మగవి పుడతాయి.

పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే పైకొస్తాయి. ఎటు వెలుగు కనిపిస్తే అటు పరిగెడతాయి. చీకటి తీరంలో వెలుగు సముద్రం వైపే కదా ఉండేది. రోడ్డు మీద పెద్ద లైట్లుంటే మాత్రం అవి దారి తప్పి ఊరివైపు పోతాయి. కుక్కలు, నక్కలు, పీతలు, కాకులు కాచుకొని ఉండనే ఉంటాయి. వెయ్యి పిల్లల్లో పెద్దదై బతికేది ఒక్కటే అని ఒక అంచనా.

ఇప్పుడు చెత్త సంగతి. తాబేలు ఈడ్చుకుంటూ పోతుందన్నాను కదా. దారిలో పాత వల ముక్క అడ్డం పడితే తెడ్డు చిక్కుకుంటుంది. అది వెనక్కి నడవలేదు. గొయ్యి తవ్వే చోట ఇసుకలో గోతాము ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు తగిలితే గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోవచ్చు. పిల్లలకైతే ఒక గ్లాసు చాలు, అందులో పడితే పైకెక్కలేవు. తిండి చెత్త పారేస్తే కుక్కలు అక్కడే మకాం వేసి గూళ్ళు తవ్వుతాయి. అందుకే గుడ్ల కాలానికి ముందే తీరం బాగుచెయ్యాలి.

ముంబైలో వెర్సోవా తీరం ఉంది. 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అనే లాయరు, 84 ఏళ్ళ పొరుగింటి పెద్దాయన కలిసి అక్కడ చెత్త ఏరడం మొదలెట్టారు. ఇద్దరే ఇద్దరు! తర్వాత ప్రతి వారాంతం జనం చేరారు. 2016లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఆయనకి పర్యావరణ పురస్కారం ఇచ్చారు. అంతా సాఫీగా మాత్రం జరగలేదు. ఏరిన చెత్త ఎత్తుకెళ్ళేవాళ్ళు లేక, పైగా కొందరి వేధింపులు పడలేక 2017 నవంబరులో ఆపేస్తున్నామన్నారు. మళ్ళీ మొదలెట్టారు. 2018 మార్చిలో అదే ఇసుకలోంచి ఆలివ్ రిడ్లీ పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి పోయాయి. దారిలో కుక్కలు పడకుండా జనమే కాపలా కాశారు.

ఏరడంలోనూ పద్ధతుంది. గుడ్ల కాలంలో ట్రాక్టరు, జేసీబీ ఇసుక మీదికి తేకూడదు, కింద గూళ్ళు నలిగిపోతాయి. పారలతో, దంతెలతో లోతుగా గీకకూడదు. చేత్తోనే ఏరాలి. ఊదారంగు పూల తీగ ఇసుక మీద పాకుతూ ఉంటుంది. అది చెత్త కాదు, ఇసుకని పట్టి ఉంచేది అదే. పీకకూడదు. గూడు కనిపిస్తే ముట్టుకోకుండా ఫారెస్టు వాళ్ళకి చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద గుడ్లు తియ్యడం నేరం.

చెత్త ఏరితే తాబేళ్ళన్నీ బతికేస్తాయా అంటే లేదు. సముద్రపు తాబేలు మనలాగే గాలి పీలుస్తుంది. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ చచ్చిన తాబేళ్ళు కొట్టుకొచ్చాయి. అది వలల దగ్గర, సర్కారు దగ్గర తేలాల్సిన పని.

కొండ మీద హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఇదంతా ఎందుకంటారా? మన గెడ్డ ఎటు పోతుందో చూడండి. కిందికి దిగి నాగావళిలో కలుస్తుంది. నాగావళి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అవతల వంశధార కళింగపట్నం దగ్గర. ఆదివారం బట్టలుతికే రాయి దగ్గర షాంపూ ప్యాకెట్లు, సబ్బు కాగితాలు ఎన్ని పడుంటాయో అందరికీ తెలుసు. మొదటి పెద్ద వానకి ఒక్కటీ ఉండదు. ఎవరూ ఏరలేదు, మరెక్కడికి పోయాయి?

వంటగది వెనక పాత బకెట్ ఒకటి పడుంది. అడుగున చిల్లు పడింది. నీళ్ళకి పనికిరాదు గాని ప్యాకెట్లకి ఆ చిల్లు అడ్డం కాదు. వార్డెన్ సారు ఒప్పుకుంటే వచ్చే ఆదివారమే దాన్ని ఉతికే రాయి పక్కన పెడదాం. నిండినప్పుడు ఖాళీ చేసే వంతు ముందు పదో తరగతి వాళ్ళది.