టీలో యాంటీఆక్సిడెంట్లను ఎలా కొలుస్తారు?

టీలోని యాంటీఆక్సిడెంట్లలో ముఖ్యమైనవి పాలీఫినాల్స్. పచ్చి తేయాకులో ఇవి ఎక్కువగా కాటెచిన్ల రూపంలో ఉంటాయి. గ్రీన్ టీలో చాలావరకు అలాగే నిలుస్తాయి. ఆకును నలిపి గాలి తగలనిస్తే మాత్రం ఒకదానితో ఒకటి కలిసి థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అవుతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో పాలు లేకుండా తాగే లాల్ చాయ్‌కి ఆ ఎరుపు వీటి నుంచే వస్తుంది. ఆవుపాలు దూడకే వదిలేయడం అక్కడి గోండు తెగల పాత అలవాటు. పాలు లేని టీ వారికి వింత కాదు.

అన్నిటికంటే తేలికైన పరీక్షకు ఫోలిన్, సియోకాల్టో అనే శాస్త్రవేత్తలు 1927లో రూపొందించిన రసాయన ద్రావణం ఆధారం. పసుపుగా ఉండే ఆ ద్రావణం పాలీఫినాల్స్ తగలగానే నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరిందో స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 765 నానోమీటర్ల దగ్గర చూసి, ఎంత గాలిక్ ఆమ్లానికి సమానమో లెక్కగడతారు. చిక్కల్లా ఏమిటంటే, ఈ ద్రావణం విటమిన్ సి తగిలినా నీలమే అవుతుంది. సీసా టీలలో రంగు చెడకుండా విటమిన్ సి కలపడం మామూలు కాబట్టి, దాన్ని తీసివేసి లెక్కించకపోతే ఆకు గొప్పతనం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణం ఎంత వెలిసిపోయిందో 517 నానోమీటర్ల దగ్గర చూసే పరీక్షకూ ఇదే ఇబ్బంది.

ఏ కాటెచిన్ ఎంతుందో విడివిడిగా తేలాలంటే హెచ్‌పీఎల్‌సీ యంత్రం కావాలి. అది సన్నని గొట్టం గుండా టీని పంపి, ఒక్కో పదార్థాన్ని ఒక్కో సమయంలో బయటికి రప్పిస్తుంది. జపాన్‌లో 1985లో మొదలైన డబ్బా గ్రీన్ టీ వంటివాటికి ఇది తప్పనిసరి. సూక్ష్మజీవులను చంపే వేడికి ఈజీసీజీ అనే కాటెచిన్ కొంత జీసీజీగా రూపం మార్చుకుంటుంది; మొదటిదాన్నే వెతికితే లెక్క తగ్గుతుంది. లాల్ చాయ్ దగ్గర మాత్రం ఈ ఖరీదైన యంత్రమే తడబడుతుంది. థియారూబిజిన్లు యంత్రం గీసే గ్రాఫ్‌లో విడి శిఖరాలుగా కాక ఒకే గుట్టలా వస్తాయి. మొత్తం ఎంతో తెలుసుకోవడానికి అక్కడ పాత నీలం పరీక్షే మేలు.

పాలు కలిపితే అందులోని కేసీన్ ప్రోటీన్ పాలీఫినాల్స్‌ను పట్టుకుంటుంది. దానివల్ల శరీరానికి అందేది తగ్గుతుందా అన్నదానిపై పరిశోధనలు ఏకీభవించవు. గాజు గొట్టంలో కనిపించిన శక్తి రక్తంలోనూ ఉంటుందనుకోవడం తొందరపాటే. ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని సూచించే ఓఆర్ఏసీ విలువల పట్టికను ప్రకటనలు ఇష్టానుసారం వాడుకుంటున్నాయనీ, ఆ అంకెలకు శరీరంలో జరిగేదానితో సంబంధం లేదనీ అమెరికా వ్యవసాయ శాఖ 2012లో దాన్ని తొలగించింది.