పటంలో ఒకే రంగు, నేలలో ఎన్నో పొరలు

కొత్త పార్లమెంటు భవనం ఎందుకని అడిగినవారికి ప్రభుత్వం చెప్పిన కారణాలలో భూకంపభయం ఒకటి. పాత భవనం కట్టేనాటికి ఢిల్లీ రెండవ భూకంప మండలంలో ఉండేదని, తరువాత నాలుగవ మండలంలోకి వచ్చిందని అధికార వివరణ. ఆ భవనం ప్రారంభమైన 1927లో అసలు మండలాలే లేవు సుమా. దేశపు తొలి భూకంప పటం 1935 నాటిది. అది అలా ఉంచుదాం. 2023 మే 28న కొత్త భవనం ప్రారంభమైంది. సభ్యులకు భద్రత చేకూరినందుకు సంతోషమే. యమునకు ఆవలి ఒడ్డున ఉన్న లక్షలాది జనం మాటేమిటన్నదే నా ప్రశ్న.

మండలాల పటంలో ఢిల్లీ అంతటికీ ఒకే రంగు. నేల మాత్రం ఒకటి కాదు. ఆరావళి గుట్టల వరుసలో బండ పైకే తేలి కనిపిస్తుంది. యమున దాటితే నది తెచ్చిపోసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి పొరలు పొరలుగా పేరుకొని, బండ వంద మీటర్లకు మించిన లోతుకు దిగిపోతుంది. బండలో వేగంగా వచ్చిన కంపతరంగం మెత్తని పొరలో నెమ్మదిస్తుంది. వేగం తగ్గిన కొద్దీ ఊపు పెరుగుతుంది. ఉయ్యాలకున్నట్లే ప్రతి నేలకూ తనదైన ఊపు ఉంటుంది. భవనానికీ ఉంటుంది, స్థూలంగా అంతస్తుకు సెకనులో పదో వంతు. ఆ రెండు ఊపులూ కలిస్తే ముప్పు తప్పదు. పైగా మెత్తని నేలలో పునాది స్థిరంగా ఉండదు. తానూ ఒరుగుతుంది, మట్టినీ కదుపుతుంది. అందువల్ల ఇంటి ఊపు నిదానిస్తుంది, కంపశక్తి కొంత తిరిగి మట్టిలోకి పోతుంది. ఇది చాలాచోట్ల మేలే. కాని నిదానించిన ఊపు నేల ఊపుకు దగ్గరైతే అదే కీడవుతుంది.

1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో జరిగినది ఇదే. భూకంప కేంద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. పూడిన సరస్సు అడుగుమట్టి రెండు సెకన్లకొక ఊపు చొప్పున ఊగింది. చిన్న ఇళ్ళు చాలావరకు నిలిచాయి. ఎక్కువగా దెబ్బతిన్నవి మధ్యతరహా ఎత్తున్న భవనాలు. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్ల అవతల, సబర్మతి ఒండ్రుమీది అహమ్మదాబాదులో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. కార్ల కోసం కింది అంతస్తును స్తంభాలమీద ఖాళీగా వదిలిన నిర్మాణలోపం అక్కడ నేలకు తోడైంది.

ఢిల్లీలో భూకంపం రానక్కరలేదు కూడా. 2010 నవంబరులో లక్ష్మీనగర్ ప్రాంతంలో అయిదంతస్తుల ఇల్లు కూలి 60 మందికి పైగా మరణించారు. యమున వరద తడి పునాదిలోకి దిగడం, పైన అంతస్తులు పెంచడం అప్పట్లో చర్చకు వచ్చిన కారణాలు.

రాజధాని నేలను వీధుల స్థాయిలో వివరించే సూక్ష్మమండల నివేదిక 2016లో వెలువడింది. 2019 డిసెంబరులో అనధికార కాలనీల వాసులకు ఆస్తిహక్కు కల్పించే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. హక్కుపత్రంతోపాటు ఆ వీధి నేల వివరాల నకలొకటి ఎందుకివ్వరాదని అడగడానికి ఏ సభ్యునికైనా ఒక్క ప్రశ్న చాలు. వచ్చే సమావేశాల ప్రశ్నల జాబితాలో దానికోసం చూస్తాను.