కిలుము పట్టిన అతుకులు

రాగి చెంబును వానాకాలంలో నాలుగు దినాలు తోమకుండా మూలన పెడితే దాని మెరుపు మాసి, అంచుల వద్ద పచ్చని పొర కనబడుతుంది. దానినే మన పెద్దలు కిలుమని, చిలుమని అన్నారు. చింతపండుతో తోమితే అది పోతుంది. చెంబు మరల మెరుస్తుంది. అదే కిలుము మోటారు సైకిలు తీగల చివరలకు పట్టినపుడు మాత్రం మన కంటికి కనబడదు. ప్లాస్టిక్ తొడుగుల లోపల, పెట్రోలు ట్యాంకు క్రింద, హెడ్‌లైట్ డోమ్ వెనుక అది నెలల తరబడి పెరిగి, ఏదో ఒక రాత్రి దీపం ఆరిపోయినపుడు గాని తన ఉనికిని చాటదు. ఆ కిలుము ఎట్లు పుడుతుందో, కిలుము పట్టిన అతుకులను ఇంటివద్దనే ఎట్లు మార్చుకొనవచ్చునో, ఎక్కడ చేయి పెట్టరాదో తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు పాఠం చెప్పేవానికి తీగల గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చు. మన కళాశాల స్టాండులో నిలిచే వాహనాలలో అధికభాగం అన్నలు వాడి తమ్ముళ్ళకిచ్చిన పాత బండ్లేనన్న సంగతి ఆ మిత్రులూ ఎరుగుదురు.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి హైదరాబాదు పాతబస్తీలో అనేక కాలనీలు నీట మునిగాయి. మా వీధిలో నీరు మోకాలు దాటి నిలిచింది. నా బండి రెండు దినాలు ఆ మురికినీటిలోనే ఉంది. నీరు తగ్గిన తరువాత ఇంజను నూనె మార్పించి, ప్లగ్గు మార్పించి, బండి నడవడంతో గండం గడిచిందనుకొన్నాను. ఏడాదిన్నర గడిచాక సెల్ఫ్ నొక్కితే మోటారు మూలగడం మొదలుపెట్టింది. ఒక వర్క్‌షాపువారు పరీక్షించి బ్యాటరీ మార్చారు. నెల తిరగకుండానే మరల అదే జబ్బు. ఈసారి రెక్టిఫయరు మార్చారు. పిమ్మట ఒక రాత్రి శ్రీశైలం రహదారిపై, వెనుక నా కుమార్తె కూర్చొని ఉండగా, హెడ్‌లైటు ఒక్కసారిగా ఆరిపోయింది. వెనుక దీపం కూడా ఆరిందన్న సంగతి, వెనుకనుండి వచ్చిన లారీ హారన్ మోగించి పక్కకు తప్పుకొనేవరకు నాకు తెలియదు. బండిని రోడ్డు దింపి, ఏమీ తోచక డోమ్‌పై అరచేతితో కొట్టాను. దీపం వెలిగింది.

మరునాడు మా వీధి చివర ఉండే ముసలి ఎలక్ట్రీషియన్‌కు ఈ కథంతా చెప్పాను. ఆయన బ్యాటరీ వంకయినా చూడలేదు. “జోడ్ దేఖో సాబ్, జోడ్” అన్నాడు. అంటే, అతుకు చూడమని. కొట్టితే వెలిగే దీపానికి జబ్బు అతుకులోనే ఉంటుందని ఆయన అనుభవం. డోమ్ విప్పి చూడగా, దీపాలకు విద్యుత్తు నందించే కప్లర్ ఒకటి గోధుమరంగుకు మాడి, లోపలి పిన్ను పచ్చగా ఉంది. బ్యాటరీ నుండి ఫ్రేముకు పోయే ఎర్త్ తీగ చివరనున్న థింబుల్‌ను ఆయన పట్టి లాగగా తీగ ఊడి చేతికి వచ్చింది. నేను కొన్న రెండు వస్తువులకూ నా బండి జబ్బుతో ఏ సంబంధమూ లేదు.

మా వ్యాకరణంలో రెండు పదాలు కలిసే చోటనే వర్ణానికి మార్పు కలుగుతుంది. పదం నడుమ చాలావరకు క్షేమంగానే ఉంటుంది. తీగల విషయమూ దాదాపు ఇంతే. ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా ఉన్న రాగి తీగ నడుమ చెడటం అరుదు. చెడేది సంధి వద్ద. రెండు లోహపు తలాలు ఒకదానినొకటి తాకినపుడు, పైకి నున్నగా కనబడినా, నిజానికి అవి కొన్ని సూక్ష్మబిందువుల వద్ద మాత్రమే కలుస్తాయి. విద్యుత్తంతా ఆ బిందువుల గుండానే పోవాలి. గాలిలోని ఆమ్లజని వలన రాగిపై నల్లని పొర ఏర్పడుతుంది. తేమ, బొగ్గుపులుసు వాయువు తోడైతే పచ్చని పొర వస్తుంది. ఉప్పు కలిసిన నీరు తగిలితే ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో వరద రానక్కరలేదు, ఉప్పుగాలి చాలు. బ్యాటరీ కొనల వద్ద కనబడే నీలిపచ్చ పొడి వేరు. అది గంధకామ్లపు ఆవిరి వలన పుట్టినది. ఈ పొరలన్నీ విద్యుత్తుకు అడ్డుగోడలే.

తేమ అతుకు వద్దనే ఆగదు. సన్నని రాగిపోగుల నడుమ నీరు దీపపు వత్తిలో నూనె వలె ప్రాకుతుంది. తొడుగు ఒలిచి చూస్తే రెండు మూడు సెంటీమీటర్ల లోపలివరకు పోగులు నల్లబడి ఉండటానికి కారణమిదే.

ఇక లెక్క చూద్దాం. సామాన్యంగా మోటారు సైకిలు హెడ్‌లైటు 35 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీ నుండి అది సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. అతుకు వద్ద కిలుము వలన అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. అక్కడ ఒకటిన్నర వోల్టు నష్టమవుతుంది; దీపం మసకబారుతుంది. అంతకంటె ముఖ్యం, ఆ చిన్న పిన్ను వద్ద నాలుగు వాట్లకు పైగా వేడి పుడుతుంది. వేడికి పిన్ను బిగువు సడలుతుంది. సడలిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. పెరిగిన కొద్దీ వేడి హెచ్చుతుంది. కప్లర్ మాడేది ఇట్లే. సెల్ఫ్ మోటారు సంగతి ఇంకా కష్టం. అది 60 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, ఎర్త్ అతుకులో ఓమ్‌లో ఇరవైయవ వంతు నిరోధం ఉన్నా 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. పాపం బ్యాటరీది కాకున్నా నింద మాత్రం దానిపై పడుతుంది.

నా బండి విషయంలో జరిగిన పొరపాటు ఇక్కడే. దీపం ఆర్పి, ఇంజను ఆపి మల్టీమీటరుతో చూస్తే కిలుము పట్టిన అతుకు కూడా నిండు 12 వోల్టులు చూపిస్తుంది. ప్రవాహం లేనపుడు నష్టమూ ఉండదు గదా! కనుక పరీక్ష దీపం వెలిగించి చేయాలి. మల్టీమీటరును డీసీ వోల్టులపై ఉంచి, దాని ఒక కొనను అతుకుకు ఇవతల, రెండవ కొనను అవతల ఆనించాలి. మంచి అతుకు వద్ద పదవ వంతు వోల్టు కూడా కనబడదు. అర వోల్టు కనబడితే సందేహించనక్కరలేదు, దానిని కోసివేయవలసిందే. ఎర్త్ కొరకు బ్యాటరీ నెగెటివ్ కొనపై ఒకటి, ఇంజను లోహంపై ఒకటి ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ నొక్కించి చూడాలి.

పనికి పూనుకొనే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి. చివర బిగించేటప్పుడు అదే ఆఖరున బిగించాలి. పాజిటివ్‌ను ముందుగా విప్పుతూ ఉంటే స్పానరు ఫ్రేముకు తగిలి నిప్పులు కురుస్తాయి. విప్పకముందే ఏ తీగ ఎక్కడ ఉందో ఫోనులో ఫోటో తీసుకోవడం మేలు.

చాలామంది గరుకు కాగితంతో పిన్నును రుద్ది మరల తగిలిస్తారు. ఆ పూటకు దీపం వెలుగుతుంది. కాని మంచి పిన్నులపై తగరపు పూత ఉంటుంది. గరుకు కాగితం ఆ పూతను కూడా తీసివేస్తుంది. పాతబస్తీలో పెండ్లి వంటలు వండే రాగి దేగులకు కలాయి ఎందుకు పూస్తారో మనకు తెలియనిది కాదు. కలాయి పోయిన దేగులో వంట వండితే కిలుము వంటలో దిగుతుంది. కలాయి పోయిన పిన్ను గతీ అంతే, ముందుకంటె త్వరగా పచ్చబడుతుంది. కనుక రుద్దడం దారి మధ్యలో ఇల్లు చేరడానికి పనికివచ్చే ఉపాయం, అంతవరకే.

తీగను నల్లబడిన భాగం పోయి, ఎర్రని రాగి కనబడేవరకు వెనుకకు కోయాలి. పొడవు చాలకపోతే అంతే లావు, లేదా కొంచెం లావు గల కొత్త తీగను చేర్చాలి. సన్నని తీగ వేయరాదు. తీగ లావుకు సరిపోయే థింబుల్ గాని పిన్ను గాని తెచ్చి, క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. మామూలు కటింగ్ ప్లయరుతో నలగగొట్టితే అది చదును అవుతుంది తప్ప పోగులను నలువైపులా పట్టదు. సరిగా నొక్కిన అతుకులో పోగులూ థింబులూ గాలి చొరరానంతగా ఒకటవుతాయి. నొక్కిన పిదప గట్టిగా లాగి చూడాలి. ఊడితే ఇక్కడే ఊడటం మంచిది. హీట్ ష్రింక్ స్లీవును నొక్కకముందే తీగకు ఎక్కించుకోవాలి. నేను మూడుసార్లు మరచి, మూడుసార్లు మరల కోసుకొన్నాను.

టంకం పెట్టవచ్చునా అని అడుగుతారు. పెట్టవచ్చు గాని, టంకం ఎక్కిన పోగులు బిరుసెక్కి, ఆ అంచు వద్ద బండి అదురుకు తెగుతాయి. క్రింపింగ్ మేలన్నది నా అభిప్రాయం. టంకమే పెట్టదలిస్తే ఎలక్ట్రానిక్స్ పనికి వాడే రోజిన్ గల సీసపుతీగనే వాడాలి. కలాయి పూసేవారు వాడే నవాసాగరం, ఉర్దూలో నౌసాదర్, దేగుకు మంచిది. అక్కడ దానిని తుడిచి కడుగుతారు. తీగలో చిక్కుకొంటే మాత్రం అదే కొత్త కిలుముకు విత్తనమవుతుంది.

ఎర్త్ థింబుల్ బిగించే చోట ఫ్రేముపై రంగు గీకి లోహం మెరిసేటట్లు చేయాలి. బోల్టు బిగించిన తరువాతనే పైన వాజలీన్ పూయాలి. బ్యాటరీ కొనల పొడిని గోరువెచ్చని నీటిలో తినే సోడా కలిపి కడిగితే ఆమ్లం విరుగుతుంది, కళ్ళను కాపాడుకోవాలి. మాడిన కప్లర్‌ను ఎంత కడిగినా ప్రయోజనం లేదు, పూర్తిగా మార్చాలి. కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇట్టి సామగ్రి దొరుకుతుంది. పాత కప్లర్‌ను వెంట తీసుకుపోతే సరిపోయేది వెదకడం సులువు.

చేయరానివి కొన్ని ఉన్నాయి. ఫ్యూజు పదే పదే పోతూంటే దాని స్థానంలో రాగి తీగ ముక్కను పెట్టరాదు. ఫ్యూజు మిగిలి తీగలు కాలడం కంటె, తీగలు మిగిలి ఫ్యూజు కాలడం మేలు గదా. పెట్రోలు ట్యాంకు దగ్గర టంకపు కడ్డీ వేడి చేయరాదు. 2020 తరువాత వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇంధనాన్ని కంప్యూటరు నియంత్రిస్తుంది. దాని తీగలను, ఏబీఎస్ తీగలను ఊహతో కోయరాదు, సూదితో తొడుగును పొడిచి పరీక్షించనూ రాదు. ఆ రంధ్రమే తేమకు ద్వారమవుతుంది. విద్యుత్ కార్లలోని నారింజరంగు తీగల జోలికి గృహస్థు పోనే కూడదు. వాటిలో ఉండేది ప్రాణాలు తీసే వోల్టేజి. 2017 ఏప్రిల్ నుండి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపు దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. అట్టి బండ్లలో దీపపు అతుకులు పగలు కూడా వేడెక్కుతూనే ఉంటాయి గనుక డోమ్ లోపలి కప్లర్‌ను వానాకాలం గడచిన పిదప ఒకసారి విప్పి చూడాలి.

నా బండికి చివరకు పట్టిన ఖర్చు రెండు థింబుళ్ళు, ఒక కప్లర్, జానెడు స్లీవు. అన్నీ కలిపి రెండు వందల రూపాయలు దాటలేదు. ఆ సాయంకాలం ఇంజను నడుస్తూండగా బ్యాటరీ కొనల వద్ద మీటరు పద్నాలుగు వోల్టులు చూపింది. దీపం వెలిగించి కప్లర్ వద్ద చూస్తే సూచి కదలనే లేదు. అంతకుముందు మార్పిడి క్రింద ఇచ్చివేసిన పాత బ్యాటరీ ఇప్పుడు ఎవరి బండిలో ఉందో!